రెండు సిమ్యులేటర్ పరుగుల ట్రేసులను పోల్చే స్క్రిప్టు: మొదటి తేడాను పట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. ఒకే పరీక్షా ప్రోగ్రామును ప్రాసెసర్ సిమ్యులేటర్ పాత బిల్డులో ఒకసారి, క్యాష్ (మెమరీ విలువల నకళ్లను ప్రాసెసర్ దగ్గర దాచే చోటు) భాగంలో మీరు మార్పు చేసిన కొత్త బిల్డులో ఇంకోసారి నడిపారు. పాతది సరైన జవాబు ఇచ్చింది, కొత్తది చివర్లో తప్పు సంఖ్య ముద్రించింది. రెండు ట్రేసులనూ, అంటే అమలైన ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కూ ఒక వరుస చొప్పున ఉన్న చిట్టాలను, ఫైళ్లలోకి రాయించి, ఫైళ్ల తేడాలు చూపే కమాండైన డిఫ్‌కు అప్పగిస్తే అది యంత్రంలోని మెమరీ అంతా మింగి మధ్యలోనే ఆగిపోయింది. మొదటి లక్ష వరుసలు మాత్రం విడదీసి పోలిస్తే దాదాపు ప్రతి వరుసా తేడాగానే వచ్చింది. ఈ పోలికకు సరైన స్క్రిప్టు ఎలా రాయాలని అడిగారు.

మీకు కావలసింది తేడాల జాబితా కాదు. మొదటి అసలైన తేడా, అది ఒక్కటే. ఆ తర్వాత కనిపించేవన్నీ దాని సంతానం. ఒక లోడ్ (మెమరీ నుంచి చదివే ఇన్‌స్ట్రక్షన్) తప్పు విలువ తెచ్చిందంటే ఆ విలువతో చేసిన కూడిక తప్పుతుంది, ఆ కూడికను బట్టి నడిచే బ్రాంచి వేరే దారి పడుతుంది, అక్కడి నుంచి రెండు పరుగులూ రెండు వేర్వేరు ప్రోగ్రాముల్లా కనిపిస్తాయి. కాబట్టి స్క్రిప్టు చేయాల్సిన పనులు మూడే: మొదటి తేడా దగ్గర ఆగాలి, అది నిజమైన తేడాయేనని తేల్చాలి, దాని వెనక ఏం జరిగిందో చూపించాలి. మొదటి పని సులువు. రెండో పనిలోనే కాలమంతా పోతుంది. మూడో పనిని చాలామంది అసలు చేయరు, నిజానికి గంటల శ్రమను మిగిల్చేది అదే.

డిఫ్ ఎందుకు కుప్పకూలిందో ముందు చూద్దాం, ఎందుకంటే అందులోనే పరిష్కారం ఉంది. డిఫ్ మనుషులు దిద్దిన పాఠాల కోసం పుట్టింది. రెండు ఫైళ్లనూ పూర్తిగా చదివి, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడానికి అతి తక్కువ చేర్పులు, తీసివేతలు ఏవో వెతుకుతుంది. గ్నూ డిఫ్ వాడే పద్ధతి 1986లో యూజీన్ మయర్స్ ప్రచురించినదానిపై ఆధారపడింది. అందులో పని మొత్తం ఫైలు పొడవుతో పాటు తేడాల సంఖ్యతోనూ గుణించుకుంటూ పెరుగుతుంది. తేడాలు తక్కువైతే మెరుపులా పనిచేస్తుంది. ట్రేసుల్లో పరిస్థితి తలకిందులు: ఒక బిందువు వరకు అంతా సమానం, అక్కడి నుంచి అంతా తేడా. డిఫ్‌కు అంతకంటే కష్టమైన ఇన్‌పుట్ ఉండదు. పైగా వంద కోట్ల ఇన్‌స్ట్రక్షన్ల పరుగుకు వరుసకు వంద బైట్లు వేసుకున్నా ట్రేసు వంద గిగాబైట్లు అవుతుంది. అవి రెండు. వాటిని డిస్కులో దాచడమే అనవసరం.

దాచకుండా పోల్చాలంటే రెండు సిమ్యులేటర్లనూ ఒకేసారి నడిపి, వాటి ట్రేసులను రెండు పైపుల (ఒక ప్రోగ్రాము రాసింది ఇంకో ప్రోగ్రాముకు నేరుగా చేర్చే మార్గాల) ద్వారా స్క్రిప్టులోకి తీసుకురండి. స్క్రిప్టు ఎడమ పైపు నుంచి ఒక వరుస, కుడి పైపు నుంచి ఒక వరుస చదివి పోలుస్తుంది, సమానమైతే ముందుకు కదులుతుంది. లినక్స్‌లో పైపు సామర్థ్యం మామూలుగా 64 కిలోబైట్లు. అది నిండితే రాసే సిమ్యులేటర్ దానంతటదే ఆగి, స్క్రిప్టు చదివాక మళ్లీ కదులుతుంది. అందువల్ల వేగంగా నడిచే బిల్డు నెమ్మదిగా నడిచేదాని కోసం వేచి ఉంటుంది. రెండూ అడుగులో అడుగు వేస్తూ నడుస్తాయి, మెమరీ ఖర్చు దాదాపు శూన్యం. తేడా దొరకగానే స్క్రిప్టు పైపులు మూసేస్తుంది, సిమ్యులేటర్లు రెండూ ఆగిపోతాయి. తప్పు పరుగు మొదట్లోనే ఉంటే మిగతా గంటల సిమ్యులేషన్ మీకు మిగిలినట్టే.

జెమ్5 అనే సిమ్యులేటర్ వాడేవారికి ఈ పని సగం చేసిపెట్టి ఉంది. దాని యుటిల్ డైరెక్టరీలో రన్‌డిఫ్, ట్రేస్‌డిఫ్ అని రెండు పెర్ల్ స్క్రిప్టులు ఉన్నాయి. రన్‌డిఫ్ నేను చెప్పిన పద్ధతిలోనే రెండు ప్రవాహాలను పారుతుండగానే పోలుస్తుంది. ట్రేస్‌డిఫ్ దానికి తొడుగు: ఒకే కమాండ్ వరుస ఇచ్చి, రెండు పరుగుల్లో వేరుగా ఉండాల్సిన చోట మాత్రం నిలువు గీతతో రెండు విలువలు రాస్తే, అది రెండు పరుగులనూ వేర్వేరు డైరెక్టరీల్లో నడిపి పోలికకు అందిస్తుంది. జెమ్5లో ఫాస్ట్ బిల్డులో ట్రేసు ముద్రణ కోడే ఉండదు, కనుక ఆప్ట్ బిల్డు వాడాలి. మీ సిమ్యులేటర్ వేరే అయినా ఆ రెండు స్క్రిప్టులనూ ఒకసారి చదవండి. చిన్నవి, ఆలోచన స్పష్టంగా ఉంటుంది. అయితే వాటిలో లేనివి కొన్ని మీకు అవసరమవుతాయి, అందుకే సొంతంగా రాసుకోవాలన్న మీ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను.

పైపులతో నాలుగు జాగ్రత్తలు. సిమ్యులేటర్ దోష సందేశాల ప్రవాహాన్ని కూడా పైపులో పెట్టి దాన్ని చదవకుండా వదిలేస్తే, అది నిండగానే సిమ్యులేటర్ ఆగిపోతుంది, స్క్రిప్టు ట్రేసు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఇద్దరూ కదలరు. దాన్ని నేరుగా ఫైలులోకి మళ్లించండి. రెండోది బఫరింగ్: అవుట్‌పుట్ పైపులోకి వెళ్లేటప్పుడు సి లైబ్రరీ వరుసవరుసకూ కాక గుత్తులుగా రాస్తుంది. సిమ్యులేటర్ అర్ధాంతరంగా కూలితే చివరి గుత్తి పోతుంది, కూలడానికి ముందరి అసలు వరుసలే మీకు అందవు. కూలిపోయే తప్పును వెతికేటప్పుడు వరుసకొకసారి బఫరును ఖాళీ చేయించండి (ఫ్లష్), మిగతా సమయాల్లో వద్దు, వేగం బాగా పడిపోతుంది. మూడోది, స్క్రిప్టు పైపు మూసినప్పుడు సిమ్యులేటర్‌కు 13వ సిగ్నల్ అందుతుంది, షెల్ దాన్ని 141 నిష్క్రమణ సంఖ్యగా చూపిస్తుంది. తేడా దొరికాక వచ్చే 141 వైఫల్యం కాదు, మీరు కోరి ఆపించినదే.

నాలుగోదాన్ని మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి. ఒక ప్రాజెక్టులో రోజూ రాత్రి నడిచే పోలిక మూడు వారాలపాటు వరసగా "సమానం" అని చెబుతూ వచ్చింది. మేమంతా ఆ మాటను నమ్మి మార్పుల మీద మార్పులు చేర్చాం. తర్వాత తెలిసింది: ఎవరో ఒక ఐచ్ఛికం పేరు మార్చడంతో రెండు సిమ్యులేటర్లూ మొదలవుతూనే దోషంతో ఆగిపోతున్నాయి. రెండు ఖాళీ ప్రవాహాలు కచ్చితంగా సమానమే కదా. ఆ మూడు వారాల మార్పులను ఒక్కొక్కటిగా వెనక్కి తీసి చూడాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా ప్రతి పోలిక స్క్రిప్టూ రెండు సిమ్యులేటర్ల నిష్క్రమణ సంఖ్యలనూ చూస్తుంది, పోల్చిన వరుసల సంఖ్యను ముద్రిస్తుంది, ఆ సంఖ్య నేను చెప్పిన కనీసం కన్నా తక్కువైతే "సమానం" అని ఒప్పుకోదు. డిఫ్, సీఎంపీ కమాండుల నిష్క్రమణ సంఖ్యల సంప్రదాయమే పాటించండి: సమానమైతే 0, తేడా ఉంటే 1, పోలికే కుదరకపోతే 2. ఒక ప్రవాహం ముందుగా ముగిసి రెండోది సాగితే అదీ తేడాయే, కానీ దాన్ని వేరే సందేశంతో చెప్పాలి.

ఇప్పుడు అసలు పని. కొత్త బిల్డును పాతదానితో పోల్చడానికి ముందు, పాతదాన్ని పాతదానితోనే పోల్చండి. అదే బైనరీ, అదే ఇన్‌పుట్, రెండు పరుగులు. ఒక్క తేడా కూడా రాకూడదు. వస్తే మీ సిమ్యులేటర్ ప్రతిసారీ ఒకేలా నడవడం లేదని అర్థం, ఆ సంగతి తేలేవరకు వేరే పోలికలన్నీ వ్యర్థం. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. దీన్ని దాటవేసి రెండు మూడు రోజులు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

తనతో తనకే తేడా వస్తే ఎక్కడ వెతకాలి? అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పాయింటర్ల వ్యవహారం. ఆపరేటింగ్ సిస్టమ్ భద్రత కోసం ప్రతి పరుగులోనూ మెమరీ చిరునామాలను చెదరగొడుతుంది. ట్రేసులో హోస్ట్ (సిమ్యులేటర్ నడిచే అసలు యంత్రం) పాయింటర్ ముద్రిస్తే అది ప్రతిసారీ మారుతుంది, అది పైకి కనిపించే తేడా మాత్రమే. లోపల దాగే రకం మరింత ప్రమాదకరం: సి ప్లస్ ప్లస్‌లో పాయింటరే కీగా ఉన్న మ్యాపును ఎవరైనా వరసగా తిరగేస్తే, తిరగేసే క్రమమే చిరునామాలను బట్టి మారుతుంది. అప్పుడు రెండు రిక్వెస్టుల్లో ఏది ముందు వెళ్తుందన్నది పరుగు పరుగుకూ మారిపోతుంది. లినక్స్‌లో సెట్‌ఆర్చ్ కమాండుకు పెద్ద ఆర్ ఐచ్ఛికం ఇచ్చి చిరునామాల చెదరగొట్టుడు ఆపేయండి. తేడా మాయమైతే దోషి దొరికినట్టే. కానీ అక్కడితో వదలకండి, ఆ మ్యాపు కీని క్రమసంఖ్యగా మార్చండి. సిమ్యులేటర్‌కు పైథాన్ కాన్ఫిగరేషన్ ఉంటే ఇంకో మూలం ఉంది: పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ విలువలు (డేటా నుంచి లెక్కించే పొట్టి సంఖ్యలు) పరుగు పరుగుకూ మారతాయి, సెట్టును తిరగేసి కాంపొనెంట్లు సృష్టిస్తే వాటి క్రమం మారిపోతుంది. పైథాన్ హ్యాష్ సీడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఒక స్థిర సంఖ్యకు కట్టేయండి. ఇక గడియారాన్ని చూసి సీడ్ ఎంచుకునే యాదృచ్ఛిక సంఖ్యలు, సిమ్యులేషన్‌లోకి హోస్ట్ సమయాన్ని తెచ్చే పరికరాల నమూనాలు, ఒకటికి మించిన థ్రెడ్లు. ఇవి అందరికీ తెలిసినవే.

ఒకటి మాత్రం కొత్తవారికి ఊహకు అందదు. ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా నేరుగా ప్రోగ్రామును నడిపే పద్ధతిలో, సిమ్యులేటర్ ప్రోగ్రాము పేరును, ఆర్గ్యుమెంట్లను, ఎన్విరాన్‌మెంట్ స్ట్రింగులను స్టాకు పైభాగంలో రాస్తుంది. ప్రోగ్రాము ఉన్న దారి ఒక పరుగులో పొడవుగా, ఇంకో పరుగులో పొట్టిగా ఉంటే స్టాకు పాయింటర్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ నుంచే వేరుగా ఉంటుంది. ఇక స్టాకును తాకిన ప్రతి వరుసా తేడాయే, క్యాష్ సెట్లు సైతం మారిపోతాయి. మీరు పాత, కొత్త అని రెండు డైరెక్టరీలు చేసి వాటిలో ప్రోగ్రామును విడివిడిగా కాపీ చేసుకున్నానని రాశారు. ఆ పేర్ల పొడవులు వేరైతే మీ లక్ష వరుసల్లో చాలా భాగానికి కారణం అదే కావచ్చు. ప్రోగ్రామును ఒకే చోట ఉంచి రెండు బిల్డులకూ అదే దారి ఇవ్వండి.

ఇక శుభ్రపరిచే దశ, అంటే పోల్చే ముందు వరుసల్లోని అనవసర తేడాలను తొలగించడం. ఇక్కడ ముందు నిర్ణయించుకోవలసింది ఒకటే: మీరు పోలుస్తున్నది ఫలితాన్నా, కాలాన్నా? మీది తప్పు జవాబు వచ్చిన కేసు, కనుక ఫలితాన్ని. క్యాష్‌ను మార్చారు కాబట్టి ప్రతి ఇన్‌స్ట్రక్షన్ జరిగే సమయం మారడం సహజం. టిక్కుల గడి, అంటే సిమ్యులేషన్ సమయం ఉన్న గడి, పూర్తిగా తీసేయాలి. జెమ్5 ట్రేసులో ప్రతి వరుస మొదట్లో ఉండే ఆ సంఖ్య మామూలుగా పికోసెకన్లలో ఉంటుంది. మిగలాల్సినవి: పీసీ (ఇన్‌స్ట్రక్షన్ చిరునామా), ఇన్‌స్ట్రక్షన్ ఎన్‌కోడింగ్, రాసిన రిజిస్టరు, రాసిన విలువ, మెమరీని తాకితే చిరునామా. అవీ కమిట్ అయిన (ఫలితం ఖరారైన) ఇన్‌స్ట్రక్షన్లకు మాత్రమే. ఇన్‌స్ట్రక్షన్లను ప్రోగ్రాము క్రమంలో కాక, సిద్ధమైనవాటిని ముందుగా నడిపే ప్రాసెసర్ నమూనాలో ఫెచ్ దశనో ఎగ్జిక్యూట్ దశనో పోల్చితే, బ్రాంచి ఊహ తప్పి తర్వాత రద్దయిన ఇన్‌స్ట్రక్షన్లు కూడా వస్తాయి. క్యాష్ మారితే అవీ మారతాయి, అందులో తప్పేమీ లేదు.

పోల్చేది ఒకే సిమ్యులేటర్ రెండు బిల్డులను కాకుండా రెండు వేర్వేరు సిమ్యులేటర్లను అయితే ఈ దశ బాగా పెరుగుతుంది. రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌లో ఒకటి ఎక్స్10 అని రాస్తే ఇంకోటి అదే రిజిస్టరును ఏ0 అంటుంది. ఒకటి సంఖ్య ముందరి సున్నాలు రాస్తుంది, ఇంకోటి రాయదు. సున్నా రిజిస్టరులోకి రాసిన రాతను ఒకటి చూపిస్తుంది, ఇంకోటి వదిలేస్తుంది. 16 బిట్ల కుదించిన ఇన్‌స్ట్రక్షన్‌ను ఒకటి ఉన్నదున్నట్టు, ఇంకోటి 32 బిట్లకు విప్పి చూపిస్తుంది. 64 బిట్ల ఫ్లోటింగ్ రిజిస్టరులో 32 బిట్ల విలువ ఉంటే పై సగమంతా ఒకట్లతో నిండి ఉండాలన్నది నియమం. ఒక సిమ్యులేటర్ పూర్తిగా ముద్రిస్తే, ఇంకోటి కింది సగం మాత్రమే ముద్రించవచ్చు. వీటిని పోలిక మధ్యలో ఒక్కొక్క మినహాయింపుగా ఇరికించకండి. ప్రతి సిమ్యులేటర్‌కూ ఒక చిన్న అనువాదకుడిని రాసి, అందరినీ ఒకే ఉమ్మడి రూపంలోకి తెచ్చి, పోల్చే భాగానికి ఆ రూపం ఒక్కటే తెలిసేలా చూడండి. రిస్క్-ఫైవ్-డీవీ అనే పరీక్షా ప్రోగ్రాముల తయారీ సాధనంలోనూ ఇదే పద్ధతి: స్పైక్ వంటి ఒక్కో సిమ్యులేటర్ లాగ్‌నూ ముందు ఉమ్మడి సీఎస్‌వీ రూపంలోకి మార్చి, ఆ తర్వాతే పోలుస్తారు.

ట్రేసులో పాయింటర్లు, ప్యాకెట్ సంఖ్యలు, క్రమసంఖ్యలు తప్పనిసరిగా ఉంటే వాటిని చెరిపేయడం కన్నా కొత్త పేర్లు పెట్టడం మేలు. ప్రతి ప్రవాహంలోనూ మొదటిసారి కనిపించిన పాయింటర్‌కు ఒకటి, రెండోదానికి రెండు, ఇలా పేరు పెట్టుకుంటూ పోండి. అప్పుడు "ఇదే వస్తువు మళ్లీ వచ్చింది" అన్న సమాచారం నిలుస్తుంది, చిరునామా మాత్రం పోతుంది. చెరిపేస్తే రెండు వేర్వేరు రిక్వెస్టులు తారుమారైనా మీకు తెలియదు. ఇందులో ఒక చిక్కుంది. విడుదలైన మెమరీ చిరునామా ఒక పరుగులో వెంటనే కొత్త వస్తువుకు దక్కి, ఇంకో పరుగులో దక్కకపోతే పేర్లు చెదిరిపోతాయి. వస్తువు పుట్టిన వరుస ట్రేసులో ఉంటే అక్కడ పాత పేరును మరిచిపోయేలా రాయండి. సిమ్యులేటర్ కోడు మీ చేతిలోనే ఉంటే పాయింటర్ ముద్రించే ఆ వరుసనే మార్చి క్రమసంఖ్య ముద్రించడం అన్నింటికన్నా శుభ్రం.

వేగం గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పై పద్ధతితో అది ముడిపడి ఉంది. పైథాన్‌లో రాస్తుంటే వరుసలను బైట్లుగానే చదవండి, యూనికోడ్‌గా మార్చకండి. ముడి వరుసలు రెండూ బైటుకు బైటు సమానమైతే శుభ్రపరిచే పని పూర్తిగా దాటేయవచ్చు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను తేడా వచ్చిన వరుసల మీద మాత్రమే నడపాలి. దీనితో స్క్రిప్టు ఎన్నో రెట్లు వేగమవుతుంది. కానీ పేర్లు పెట్టే పద్ధతి వాడుతుంటే ఈ అడ్డదారి పనికిరాదు: సమానమైన వరుసల్లోనూ కొత్త పాయింటర్లు పుడుతుంటాయి, వాటిని నమోదు చేయకుండా దాటితే తర్వాతి పేర్లన్నీ జారిపోతాయి. ఈ పొరపాటుతో వచ్చే తప్పుడు తేడాలు చూడటానికి నిజమైనవాటిలాగే ఉంటాయి.

పట్టించుకోకూడని వరుసల జాబితా విషయంలో మాత్రం మిమ్మల్ని గట్టిగా హెచ్చరిస్తాను. తేడా వచ్చిన ప్రతిసారీ "ఇది పర్వాలేదు" అని ఒక నియమం చేర్చడం చాలా తేలిక. నెల తిరిగేసరికి ఆ జాబితాలో నిజమైన తప్పులు కూడా మునిగిపోతాయి. నా స్క్రిప్టులో ప్రతి మినహాయింపుకూ కారణం రాసి ఉండాలి, లేకపోతే స్క్రిప్టు దాన్ని తిరస్కరిస్తుంది. పరుగు చివర ఏ మినహాయింపు ఎన్నిసార్లు వర్తించిందో ముద్రిస్తుంది. నిన్న పదిసార్లు వర్తించినది ఈరోజు పదివేల సార్లు వర్తిస్తే ఏదో జరిగిందని ఆ సంఖ్యే చెబుతుంది.

న్యాయమైన తేడాలు కొన్ని ఉంటాయి, వాటిని దాచకూడదు, సరిదిద్దాలి. ప్రోగ్రాము సైకిళ్ల లెక్కింపు రిజిస్టరునో సమయాన్నో చదివితే, కాలం మారిన రెండు పరుగుల్లో వేర్వేరు విలువలు వస్తాయి. ఆ వరుసను పట్టించుకోకుండా వదిలితే సరిపోదు, ఆ విలువ రిజిస్టరులో నిలిచి మున్ముందు అన్ని లెక్కల్లోకీ పాకుతుంది. ఒక పరుగులో చదివిన విలువను రెండో పరుగుకు అందించాలి, లేదా ప్రోగ్రాము అలాంటి చదువులు చేయకుండా చూడాలి. ఇంటరప్టు వచ్చే చోటు, స్టోర్ కండిషనల్ (మధ్యలో ఇంకెవరూ ఆ చోటును తాకకపోతేనే నెగ్గే మెమరీ రాత) విఫలం కావడం, పరికరాల రిజిస్టర్లు చదవడం ఇదే కోవలోవి. స్టోర్ కండిషనల్ ఒక పరుగులో నెగ్గి ఇంకో పరుగులో విఫలమైతే ప్రోగ్రాము ఒక చుట్టు అదనంగా తిరిగి మళ్లీ అదే దారిలోకి వస్తుంది. ఇలాంటి చోట స్క్రిప్టుకు మళ్లీ కలుసుకునే శక్తి ఉండాలి: తేడా రాగానే రెండువైపులా కొన్ని వందల వరుసలు ముందుకు చదివి, ఒకవైపు మిగులు వరుసలను దాటితే రెండూ మళ్లీ కలుస్తాయేమో చూడాలి. ఒక్క వరుస కలిస్తే నమ్మకండి, లూపుల్లో ఒకే వరుస పదేపదే వస్తుంది. వరసగా ఇరవై ముప్పై వరుసలు కలిస్తేనే కలిసినట్టు. కలిసినా ఆ సంఘటనను నివేదికలో రాయాలి.

బహుళ కోర్ల ట్రేసుల్లో కోర్ల వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఆ కలయిక క్రమం కాలాన్ని బట్టి మారుతుంది. కోరుకు ఒక క్యూ పెట్టుకుని, ఏ కోరు వరుసలను ఆ కోరు వరుసలతోనే పోల్చండి. ఒకవైపు క్యూ విపరీతంగా పెరిగిపోతుంటే అదే ఒక ఆధారం: ఇంకోవైపు ఆ కోరు ఎక్కడో లాక్ కోసం తిరుగుతూ ఉండిపోయింది.

ఇప్పుడు మూడో పని, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. తేడా వరుస దొరికింది, దాని ముందరి యాభై వరుసలు స్క్రిప్టు చూపించింది. చాలామంది అక్కడ ఆగిపోతారు. కానీ తప్పు పుట్టిన చోటు ఆ యాభై వరుసల్లో ఉండటం అరుదు. మీరు చెప్పిన లాంటి క్యాష్ తప్పులో మొదటి తేడా దాదాపు ఎప్పుడూ ఒక లోడ్ దగ్గర కనిపిస్తుంది: చిరునామా రెండువైపులా ఒకటే, వచ్చిన విలువ వేరు. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చిరునామాలోకి చివరిసారి ఎవరు రాశారు? అది కోటి ఇన్‌స్ట్రక్షన్ల వెనక జరిగి ఉండవచ్చు. అందుకే స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ రెండు పట్టికలు నిలుపుకోవాలి. ఒకటి, ప్రతి రిజిస్టరులోకీ చివరిసారి రాసిన వరుస ఏది. రెండోది, ప్రతి మెమరీ పదంలోకీ చివరిసారి రాసిన స్టోర్ (మెమరీలోకి రాసే ఇన్‌స్ట్రక్షన్) వరుస ఏది. మొదటిదానికి కొన్ని పదుల గడులు చాలు. రెండోది ప్రోగ్రాము తాకిన మెమరీతో పాటు పెరుగుతుంది, అయినా ట్రేసు పొడవుతో పోలిస్తే చాలా చిన్నది.

ఈ పట్టికలు చేతిలో ఉంటే నివేదిక ఒక కథలా చదువుకోవచ్చు. ఉదాహరణకు: 80004a40 చిరునామా నుంచి లోడ్, ఎడమవైపు 17, కుడివైపు 0. ఆ చిరునామాలోకి చివరి స్టోర్ రెండువైపులా ఒకటే, రాసిన విలువ రెండువైపులా 17. అంటే ప్రోగ్రాము సరిగ్గానే రాసింది, రాతకూ చదువుకూ మధ్యలో కొత్త బిల్డులో ఆ విలువ పోయింది. క్యాష్ లైను (క్యాష్‌లో ఉంచిన ఒక మెమరీ ముక్క) బయటికి పంపేటప్పుడు మురికి బిట్ (లైను మారిందని, దాన్ని మెమరీకి తిరిగి రాయాలని చెప్పే గుర్తు) చూడకుండా పారేశారా, రెండు లైన్లకు ఒకే ట్యాగు (లైను ఏ చిరునామాదో చెప్పే గుర్తు) దక్కిందా అని అక్కడి నుంచి వెతకాలి. అలా కాక పాత బిల్డులోనూ చివరి స్టోర్ విలువ, లోడ్ విలువ కలవకపోతే, ట్రేసుకు కనిపించని రాత ఎవరో రాశారు: డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరం నేరుగా మెమరీలోకి రాయడం), ఇంకో కోరు, లేదా సిస్టమ్ కాల్ అమలు చేస్తూ సిమ్యులేటరే నేరుగా రాసిన మెమరీ. ఈ రెండు నిర్ధారణలకూ దారులు పూర్తిగా వేరు, వాటిని విడదీయడానికి పట్టికలో ఒక్క చూపు చాలు.

చివరి స్టోర్ ఎక్కడో తెలిశాక, ఆ స్టోర్ నుంచి ఈ లోడ్ వరకు క్యాష్ ట్రేసు వివరంగా తెరిచి మళ్లీ నడపండి. అప్పుడు ఆ ఒక్క క్యాష్ లైనుకు సంబంధించిన వరుసలే వడగట్టండి. పరుగు మొత్తానికి క్యాష్ ట్రేసు తెరవాలని మొదటి రోజునే ప్రయత్నించకండి, అందులో మునిగిపోతారు.

పరుగు చాలా పొడవైతే ఇన్‌స్ట్రక్షన్ ట్రేసును పాఠంగా ముద్రించడమే భారమవుతుంది. అప్పుడు ముద్రణకు బదులు సిమ్యులేటర్‌లోనే హ్యాష్ వేయండి. కమిట్ అయిన ప్రతి ఇన్‌స్ట్రక్షన్ పీసీ, రిజిస్టరు, విలువ తీసుకుని నడుస్తున్న హ్యాష్‌లో కలుపుతూ, పది లక్షల ఇన్‌స్ట్రక్షన్లకు ఒకసారి ఆ హ్యాష్‌ను ఒక వరుసగా ముద్రించండి. వంద కోట్ల ఇన్‌స్ట్రక్షన్లకు వెయ్యి వరుసలే వస్తాయి. హ్యాష్‌ను ప్రతి గుత్తికీ మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టకండి, గొలుసులా కొనసాగించండి. అప్పుడు ఒకసారి విడిపోయిన పరుగులు ఆ తర్వాత కలిసినట్టు కనిపించవు, మొదటి తేడా వరుసకు ముందరిదంతా సమానమని నిశ్చింతగా ఉండవచ్చు. ఆ వెయ్యి వరుసల్లో మొదటి తేడా ఏ గుత్తిలో ఉందో చూసి, రెండో పరుగులో ఆ గుత్తికి మాత్రమే పూర్తి ట్రేసు తెరవండి. ట్రేసు మొదలయ్యే చోటును ఇన్‌స్ట్రక్షన్ల లెక్కతో చెప్పాలి. టిక్కుతో చెబితే కాలం మారిన రెండు బిల్డులూ వేర్వేరు చోట్ల మొదలుపెట్టి, మొదటి వరుసే తేడాగా వస్తుంది. ఈ పద్ధతిలో చివరి స్టోర్ల పట్టిక గుత్తికి ముందరి రాతలను చూడలేదు. కాబట్టి అనుమానం ఉన్న చిరునామా తెలిశాక దాని స్టోర్లను మాత్రమే ముద్రిస్తూ మొదటి నుంచి ఇంకో పరుగు చేయాల్సి రావచ్చు. అది తేలికైన పరుగే.

క్యూ-ఎమ్యూ లాంటి అనువాద సిమ్యులేటర్ ఒకవైపు ఉన్నవారికి ఒక మాట. అది ఇన్‌స్ట్రక్షన్లను బ్లాకులుగా అనువదించి నడుపుతుంది, ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు నేరుగా గొలుసు కడుతుంది. ఆ గొలుసు ఉన్నంతవరకు లాగ్‌లో కొన్ని బ్లాకులు కనిపించవు. గొలుసు ఆపే ఐచ్ఛికం, బ్లాకుకు ఒకే ఇన్‌స్ట్రక్షన్ పెట్టే ఐచ్ఛికం రెండూ ఇవ్వాలి.

మీ వరకు వస్తే, ఈ క్రమంలో వెళ్లండి. ప్రోగ్రాము దారి రెండు పరుగులకూ ఒకటే చేయండి. పాత బిల్డును దానితోనే పోల్చండి. అది సున్నా తేడాలతో బయటపడితే టిక్కుల గడి తీసేసి, కమిట్ వరుసలతో పాతదాన్ని కొత్తదానితో పోల్చండి. మీ లక్ష తేడాల్లో దాదాపు అన్నీ ఇక్కడికే పోతాయని అనుకుంటున్నాను. మిగిలిన మొదటి తేడా లోడ్ అయితే దాని చివరి స్టోర్‌ను చూడండి. లోడ్ కాకుండా మామూలు కూడికో బ్రాంచో అయితే, దానికి ఇన్‌పుట్‌గా వచ్చిన రిజిస్టర్లలోకి చివరిసారి రాసిన వరుసలు చూడండి. అవి రెండువైపులా సమానంగా ఉండి ఫలితం మాత్రమే వేరైతే, తప్పు మీ క్యాష్ మార్పులో లేదు, రెండు బిల్డుల మధ్య ఇంకేదో కూడా మారింది. ఆ తేడా వరుసను, దాని చివరి రాతలను ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.